గొణిగితే మంత్రం పారుతుందా?

అందరికీ నమస్కారం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరూ ఒక పాత్ర తీసుకుని, డైస్ వేస్తూ కథ నడిపే ఆట) ఆడే ప్రతి టేబుల్ దగ్గరా ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఒక చిక్కు గురించి ఈ రోజు మాట్లాడుకుందాం.

రాజుగారి కోటలో విందు జరుగుతోంది. బార్డ్ (పాటలతో మంత్రాలు వేసే పాత్ర) ఆడుతున్న ప్లేయర్ అంటాడు: "కోశాధికారి మీద చార్మ్ పర్సన్ వేస్తాను. ఎవరికీ వినపడకుండా గొణుక్కుంటాను. స్టెల్త్ రోల్ చేయనా?" చార్మ్ పర్సన్ అంటే ఎదుటివాడు మనల్ని స్నేహితుడిలా చూసేలా చేసే మంత్రం. స్టెల్త్ రోల్ అంటే దొంగచాటుగా చేయగలిగామా అని డైస్ వేసి తేల్చడం. డైస్ అప్పటికే చేతిలో ఉంది. అందరూ ఆట నడిపే డీఎమ్ వైపు చూస్తారు.

రెండేళ్ల క్రితం ఆ డీఎమ్ నేనే. "సరే, వెయ్యి" అన్నాను. ఇరవైకి 18 పడింది. మంత్రం పారింది. అందరూ చప్పట్లు కొట్టారు, మా సార్సరర్ (పుట్టుకతో మంత్రశక్తి ఉన్న పాత్ర) ప్లేయర్ తప్ప. మేము అప్పుడు 2014లో వచ్చిన నియమాలతో ఆడేవాళ్లం. మూడో లెవెల్‌లో తనకి దొరికిన రెండు మెటామ్యాజిక్‌లలో (స్పెల్ వేసే తీరు మార్చే శక్తులు) ఒకటి సటిల్ స్పెల్‌కే ఇచ్చేసింది ఆమె. నోరు మెదపకుండా, చెయ్యి కదపకుండా స్పెల్ వేసే శక్తి అది. వాడిన ప్రతిసారీ ఒక సార్సరీ పాయింట్ పోతుంది. ఆ లెవెల్‌లో ఉండేవే మూడు పాయింట్లు. ఆట అయ్యాక మెల్లగా అడిగింది: "అయితే నేను అది తీసుకుని ఏం లాభం?" నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి కూర్చుని పుస్తకాలన్నీ తిరగేశాను. చార్మ్ పర్సన్‌కి మాటా కావాలి, చేతి కదలికా కావాలి. 2014 నియమాల పుస్తకం మంత్రానికి తగిన స్థాయి, నాదం ఉండాలంటుంది కానీ ఎంత గట్టిగా పలకాలో చెప్పదు. గొణుగుడంతా ఆ సందులోంచే వచ్చింది. 2024లో వచ్చిన కొత్త నియమాల పుస్తకం దాన్ని మూసేసింది: మామూలుగా మాట్లాడే గొంతుతోనే పలకాలి. దాక్కున్నవాడు నోటితో మంత్రం చదివితే దాగుడు అక్కడితో సరి. 2017లో వచ్చిన జనాథర్స్ గైడ్ అనే అదనపు నియమాల పుస్తకం కూడా, సటిల్ స్పెల్ లాంటిది మాటనీ కదలికనీ వస్తువునీ అవసరం లేకుండా చేస్తేనే స్పెల్ వేయడం ఎవరికీ తెలియదంటుంది.

మన ప్లేయర్లు ఈ ప్రశ్న అడగడం నాకు తప్పుగా అనిపించదు. మనం విన్న పద్ధతిలో జపం మూడు రకాలు. పైకి వినపడేలా చదివితే వాచికం, పెదవులు మాత్రం కదిలితే ఉపాంశువు, మనసులోనే సాగితే మానసం. మానసమే అన్నిటికన్నా గొప్పదని మనుస్మృతిలో కూడా ఉంది. అది విన్నవాళ్లకి "మనసులో అనుకుంటా" అనడం సహజంగానే వస్తుంది. ఈ ఆటలో మాత్రం అందరికీ దక్కేది వాచికం. మానసం సార్సరర్ తన పాయింట్లు పెట్టి కొనుక్కున్నది. ఉపాంశువుకి చోటే లేదు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లోనూ సైలెంట్ స్పెల్, స్టిల్ స్పెల్ అని రెండు ఫీట్లు (పాత్ర ఎంచుకునే ప్రత్యేక నేర్పులు) ఉండేవి. ఏది వాడినా స్పెల్ ఒక లెవెల్ పై స్లాట్ (స్పెల్ వేయడానికి ఉండే పరిమిత అవకాశం) తినేది. గుట్టుగా వేయడానికి అప్పుడూ ధర ఉంది.

అలాగని "కుదరదు" అని తోసేయడం కూడా నాకు నచ్చదు. చుట్టూ ఏం జరుగుతోందో ముందు అడుగుతాను. 2014 నియమాల డీఎమ్ స్క్రీన్ (డీఎమ్ తన ముందు నిలబెట్టుకునే అట్ట) మీద శబ్దం ఎంత దూరం వినపడుతుందో చెప్పే పట్టిక ఒకటి ఉంది. మామూలు శబ్దమైతే రెండు ఆరు ముఖాల డైస్ వేసి, వచ్చినదాన్ని పదితో హెచ్చించాలి. సగటున 70 అడుగులు. చార్మ్ పర్సన్ అందేది 30 అడుగులే. నిశ్శబ్దంగా ఉన్న గదిలో కోశాధికారి వింటాడు, పక్కనున్న కాపలావాడూ వింటాడు. దానికి రోల్ అక్కర్లేదు.

మరి గది నిశ్శబ్దంగా లేకపోతే? నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఇక్కడే మొదలవుతుంది. ఫైటర్ (యోధుడు) తాగినట్టు నటిస్తూ పళ్లేల బల్ల మీద పడతాడు. రోగ్ (దొంగ పాత్ర) వంటవాడితో గొడవ పెట్టుకుంటాడు. ఆ గోలలో దూరంగా ఉన్నవాళ్లకి మంత్రం వినపడదని ఒప్పుకుంటాను. చేతి కదలిక దాచడానికి బార్డ్ స్లైట్ ఆఫ్ హ్యాండ్ (చేతివాటం) రోల్ వేయాలి, దగ్గర్లో ఉన్న కాపలావాడు పర్సెప్షన్ (గమనించే శక్తి) రోల్ వేస్తాడు. కాపలావాడు గెలిచినా స్పెల్ ఆగదు, కానీ ఎవరు వేశారో చూసేశాడు. ఏ స్పెల్ అన్నది వాడికి తెలియదు. అది గుర్తుపట్టాలంటే ఆర్కానా (మంత్రజ్ఞానం) రోల్‌లో 15, దానిపై స్పెల్ లెవెల్ కలిపినంత రావాలి. ఏదో మంత్రం వేశారని తెలిస్తే కత్తి దూయడానికి వాడికి అది చాలు. ఇవన్నీ డైస్ పడకముందే చెప్తాను. పడ్డాక చెబితే ప్లేయర్‌కి మోసంలా ఉంటుంది.

ఇంకో మాట. చార్మ్ పర్సన్ గంటసేపే. అయిపోగానే ఎవరు వేశారో కోశాధికారికి తెలిసిపోతుంది. విందులో ఎవరూ చూడకపోయినా, గంట తర్వాత ఎక్కడుంటారో ప్లేయర్లు ముందే ఆలోచించుకోవాలి.

తర్వాతి సెషన్ మొదట్లోనే ఆమెకి అందరి ముందూ సారీ చెప్పి, ఈ పద్ధతి వివరించాను. కొన్ని వారాలకి మా పాత్రల బృందం మొత్తం సంకెళ్లతో న్యాయసభలో నిలబడింది. గోల చేయడానికి దారి లేదు, చుట్టూ సైనికులు. ఆమె ఒక్క సార్సరీ పాయింట్ తీసి పక్కన పెట్టి, "న్యాయాధికారి మీద చార్మ్ పర్సన్" అంది. న్యాయాధికారి తరఫున మంత్రాన్ని తట్టుకునే రోల్ నేను వేశాను, ఓడిపోయాను. సభలో ఒక్క తల కూడా తిరగలేదు. న్యాయాధికారి పాత స్నేహితురాలిని చూసినట్టు నవ్వాడు. ముందుగా చప్పట్లు కొట్టింది మా బార్డ్ ప్లేయరే.