స్టోన్‌వాల్‌కి ముందు సంఘాలే లేవా? ‘ల్యాడర్’ పత్రిక పట్టుకుని వెతుకుదాం

“గే, లెస్బియన్ సంఘాలన్నీ 1969 స్టోన్‌వాల్ తర్వాతే పుట్టాయి.” స్టోన్‌వాల్ అంటే న్యూయార్క్‌లో ఒక గే బార్. పోలీసు దాడికి అక్కడివాళ్లు తిరగబడ్డారు. ఈ మాట ఇంకా ఎన్నాళ్లు వినాలో! చికాగోలో హెన్రీ గెర్బర్ పెట్టిన సొసైటీ ఫర్ హ్యూమన్ రైట్స్‌ని ఇల్లినాయ్ రాష్ట్రం 1924 డిసెంబర్‌లోనే రిజిస్టర్ చేసింది. కాగితం ఉంది. కాకపోతే ఆ పేరు చూసి అది ఎవరి సంఘమో ఎవరూ పోల్చుకోలేరు. మనవాళ్లేమో సెర్చ్‌లో ‘గే’ అని కొట్టి, ఏమీ రాలేదని లేచిపోతారు. 1950ల, 60ల సంఘాలకైతే ‘హోమోఫైల్’ అని కూడా కొట్టండి. అప్పట్లో వాళ్లు వాడిన మాట అది.

ఇవాళ ఒక్క సంఘమే తీసుకుందాం. డాటర్స్ ఆఫ్ బిలీటిస్, శాన్ ఫ్రాన్సిస్కో, 1955. డెల్ మార్టిన్, ఫిలిస్ లయన్‌లతో కలిపి ఎనిమిది మంది ఆడవాళ్లు పెట్టిన లెస్బియన్ల సంఘం. బార్లకి వెళ్తే పోలీసుల భయం. అందుకని ఇళ్లల్లోనే చేరి కబుర్లు చెప్పుకుందాం, డాన్స్ చేసుకుందాం అనుకున్నారు. వినేవాళ్లు మామూలు మహిళా మండలి అనుకోవాలనే ఆ పేరు. ఉద్యమం సంగతి తర్వాత వచ్చింది, దాని మీద గొడవపడి కొందరు వెళ్లిపోయారు కూడా. రాజకీయం మాత్రమే వెతికేవాళ్లకి ఈ మొదటి ఏడాది అసలు కనబడదు.

[తెరపై: ‘ది ల్యాడర్’, 1956–1972]

వీళ్ల పత్రిక ‘ది ల్యాడర్’. 1956 అక్టోబర్ సంచికతో మొదలుపెట్టండి. ఒక షీట్‌లో ఆరు గడులు గీయండి: సంచిక నెల, కార్యక్రమం, చోటు, అచ్చైన పేరు, పేజీ, జరిగినట్టు రుజువు. అందరూ ఎగ్గొట్టేది ఆ ఆరోదే. పత్రికలో ప్రకటన అంటే శుభలేఖ లాంటిది. శుభలేఖ చూసి పెళ్లికి ఎంతమంది వచ్చారో, అసలు పెళ్లి జరిగిందో లేదో చెప్పగలమా? ‘గ్యాబ్ అండ్ జావా’ అని కాఫీ కబుర్ల సమావేశం ప్రకటించారనుకోండి, తర్వాతి సంచికల్లో దాని రిపోర్టు ఉందా? మీటింగు మినిట్స్‌లో ఉందా? రెండూ లేకపోతే ‘ప్రకటించారు’ అని రాయండి, ‘జరిగింది’ అని కాదు.

శుభలేఖ మీద పేర్లు కూడా వాళ్లు మనకి చూపించాలనుకున్నవే కదా. ల్యాడర్ మొదటి ఎడిటర్‌గా అచ్చైన పేరు యాన్ ఫెర్గూసన్. ఆవిడ ఫిలిస్ లయనే! కొద్ది నెలలకే ఆ మారుపేరు వదిలేసి సొంత పేరు పెట్టుకున్నారు. సరిచూసుకోకపోతే మీ లెక్కలో ఒకే మనిషి ఇద్దరవుతారు. అలాగే చందాదారుల సంఖ్యని సభ్యుల సంఖ్యగా రాయొద్దు. చందా కట్టినవాళ్లంతా సభ్యులు కారు, ఒక్కో కాపీ ఎన్ని చేతులు మారిందో లెక్కా లేదు.

ఇంకో పెద్ద గుంట 1970. ఆ ఏడాది చందాదారుల జాబితాతో సహా పత్రిక సంఘం చేతుల్లోంచి వెళ్లిపోయింది. జాతీయ సంఘమూ అప్పుడే రద్దయింది. పత్రిక మాత్రం 1972 దాకా నడిచింది. “పత్రిక ఉంది కాబట్టి సంఘం ఉంది” అని రాశారో, రెండేళ్లు తప్పు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. లయన్, మార్టిన్‌ల కాగితాలు శాన్ ఫ్రాన్సిస్కోలోని జీఎల్‌బీటీ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. ముందు కేటలాగ్ చూసుకుని పెట్టె నంబరు, ఫోల్డర్ నంబరు రాసి పంపండి. ఫొటో తీసే ప్రతి కాగితం పక్కన ఆ నంబర్ల చీటీ పెట్టండి, లేదంటే ఇంటికొచ్చాక ఏది ఎక్కడిదో తెలీక జుట్టు పీక్కోవాలి. ఎఫ్‌బీఐ ఫైళ్లూ చూడండి, కానీ అవి ఇన్‌ఫార్మర్లు మోసిన మాటలు, నల్లగా కొట్టేసిన చోట్లు బోలెడు. వేరే ఆధారం దొరికేదాకా నమ్మొద్దు.

మన దేశానికైతే 1990లో మొదలైన గే పత్రిక ‘బాంబే దోస్త్’ సంచికల్ని ఇదే ఆరు గడుల షీట్‌లో ఎక్కించండి. బెంగళూరులో క్యామ్రా అని, గే, లెస్బియన్, ట్రాన్స్ వాళ్ల చరిత్ర కాగితాలు దాచే ఆర్కైవ్ ఉంది. పాత ఉత్తరాల్లో మామూలు మనుషుల పేర్లు కనబడితే మాత్రం బయటపెట్టకండి, వాళ్లు ఇవాళ్టికీ ఇంట్లో చెప్పకుండా బతుకుతుండొచ్చు. పేరు బదులు ఒక అక్షరం, ఊరు, సంవత్సరం చాలు.