వైజాగ్ వ్లాగ్: అన్నీ ‘క’ తోనే!

అందరికీ నమస్తే. కెనడాలోని కాల్గరీలో మంచు తవ్వే వీడియోలు చూసి చూసి విసుగొచ్చిందన్న వాళ్ళకి శుభవార్త, ఈసారి మంచు లేదు. మేం వైజాగ్‌లో ఉన్నాం. మేం అంటే నేనొక్కదాన్నే. మా ఆయనకి సెలవు దొరకలేదు, బాబుకి స్కూలుంది. ఈ వీడియో తియ్యమన్నది విజయవాడలో ఉన్న మా అత్తయ్య. "అక్కడ ఏం తింటున్నావో, ఎక్కడ తిరుగుతున్నావో అన్నీ చూపించు" అని ఆర్డర్ వేశారు. మా ఛానెల్‌కి మొదటి సబ్‌స్క్రైబర్ ఆవిడే, కాదనలేను.

ఈ రోజు ప్లాన్ మాత్రం నాది కాదు, మా చెల్లెలి కూతురు చిట్టిది. నాలుగో తరగతి. వాళ్ళ తెలుగు టీచర్ ఒక యాక్టివిటీ ఇచ్చారట. ఒక అక్షరం తీసుకుని, దానితో మొదలయ్యే ఇష్టమైనవి పది రాసి బొమ్మలు వెయ్యాలి. ఊళ్ళు, తిళ్ళు, వస్తువులు, ఏవైనా సరే. చిట్టికి ‘క’ వచ్చింది. గుణింతం మొత్తం వాడుకోవచ్చు. ఒత్తు ‘ఖ’ మాత్రం ఒప్పుకోరు. ఈ రూల్ గుర్తుంచుకోండి, తర్వాత గొడవంతా దీని దగ్గరే.

వైజాగ్ పిల్లకి ‘క’ వస్తే ఇంక కష్టమేముంది? మా ఇల్లు కంచరపాలెం. మా ఇంట్లో సగం మంది పుట్టింది కేజీహెచ్‌లో, 1923 నుంచి ఉన్న ఆసుపత్రి. కైలాసగిరి ఉంది, కంబాలకొండ ఉంది, బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉంది, బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారు ఉన్నారు. పొద్దున్న కాఫీ అయ్యేలోపు సగం పేజీ నిండిపోయింది. కాఫీ కూడా లిస్టులో చేరింది, అరకు గింజలది.

అమ్మవారి గుడికి మొన్న గురువారం వెళ్ళొచ్చాం. మార్గశిరం కదా, ఆ రద్దీ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మా బాబు వీడియో కాల్‌లో చూసి, "పైకప్పు లేదేంటమ్మా, వానొస్తే ఎలా?" అన్నాడు. అమ్మవారూ తడుస్తారు, మనమూ తడుస్తాం అన్నాను. వాడికి అది చాలా నచ్చింది. కాల్గరీలో ఇప్పుడు మైనస్ ఇరవై, వాడు తడవడం మర్చిపోయి చాలా కాలమైంది.

నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయన్ని అడిగితే ఏం వస్తుంది? "కేకే లైన్ రాయమ్మా, అందులో రెండు ‘క’లు ఉన్నాయి" అన్నారు. కొత్తవలస–కిరండూల్ లైన్. బైలదిల్లా గనుల్లోని ఇనుప ఖనిజాన్ని మన పోర్టుకి దింపి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేశారు. మనం అద్దాల బోగీలో కూర్చుని సెల్ఫీలు దిగుతూ అరకు వెళ్ళేది ఆ లైన్ మీదే. "అది మనుషుల కోసం వేసింది కాదు, రాయి కోసం వేసింది. మీరు మధ్యలో ఎక్కారు" అంటారు నాన్న. అరకు దారి నిండా సొరంగాలే. ఒక్కో సొరంగం గురించీ చెప్పబోయారు గానీ అమ్మ టిఫిన్‌కి పిలిచింది. ఆ ఫుటేజ్ విడిగా పెడతాను, రైల్వే వాళ్ళు తప్ప ఎవరూ చూడరని తెలుసు.

పక్కింటి ఆంటీ కాజా రాయమన్నారు. చిట్టి కొట్టేసింది. కాకినాడది కాబట్టి చెల్లదట, అది కాకినాడ పిల్లలు రాసుకోవాలట. సరే అని నేను ఒకటి చెప్పాను, కెనడా. కావాలంటే కాల్గరీ, అదీ ‘క’ నే. చిట్టి పెన్సిల్ ఆపి, "ఇష్టమైనవే రాయాలి పెద్దమ్మా" అంది. కెనడా ఎందుకు ఇష్టం లేదే అంటే, "నువ్వు మళ్ళీ అక్కడికే వెళ్ళిపోతావు కదా" అంది. ఇక్కడ కెమెరా కాసేపు గోడ వైపు తిరిగుంటుంది. ఏమీ అనుకోకండి.

పదకొండింటికి కురుసుర. తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. సోవియట్ యూనియన్‌లో తయారైన జలాంతర్గామి, 1969 డిసెంబర్‌లో మన నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరిలో రిటైరైంది, 2002లో మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే గుండ్రటి కంతలోంచి దూరాలి. కాలు ముందు పెట్టాలా తల ముందు పెట్టాలా అని నేను ఆలోచిస్తుంటే, చిట్టి అటు వెళ్ళి మళ్ళీ ఇటు వచ్చేసింది. ‘కంత’ కూడా రాసుకుంది.

లోపల వివరాలు చెప్పే పెద్దాయన నేవీలో చేసి వచ్చినవారు. పిల్ల చేతిలో పుస్తకం చూసి విషయం కనుక్కుని, భలే సంగతి చెప్పారు. మన దేశానికి మొదట వచ్చిన నాలుగు జలాంతర్గాముల పేర్లూ ఒకే అక్షరమట: కల్వరి, ఖండేరి, కరంజ్, కురుసుర. తర్వాత వచ్చిన నాలుగూ వేలా, వాగిర్, వాగ్లీ, వాగ్షీర్. అంటే నేవీ వాళ్ళు కూడా చిట్టి టీచర్ ఇచ్చిన యాక్టివిటీనే చేశారన్నమాట! ఈమధ్య ముంబైలో కట్టిన ఆరు కొత్తవాటికీ ఆ పాత పేర్లే మళ్ళీ పెట్టారు. కురుసుర, వాగ్లీ మాత్రం ఆ ఆరింటిలో లేవు.

నేను మురిసిపోతున్నాను. చిట్టి మాత్రం మొహం ముడుచుకుంది. "అంకుల్, ఖండేరి చెల్లదు. అది ఒత్తు ఖ."

"ఇంగ్లీష్‌లో రెండింటికీ కే నే కదమ్మా?"

"మాది తెలుగు హోంవర్క్."

ఆయన నవ్వి సెల్యూట్ కొట్టేశారు. ఇంతలో వెనక క్యూలో వాళ్ళు "కదలండమ్మా" అన్నారు. అదీ ‘క’ నే అని చిట్టి అంది గానీ, రాసుకోలేదు.

సాయంత్రం అమ్మతో కూరలకి వెళ్ళాను. నేను చూపించాలనుకున్నది అసలు ఇది. రాత్రికి కంద బచ్చలి కూర చేయమని నేనే అడిగాను, అందులోనూ రెండున్నాయి చూడండి. అమ్మ ఎప్పుడూ కొనే పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "పెద్దమ్మాయి కదూ? చిక్కిపోయిందేటి?" అంది. కిందటిసారి వచ్చినప్పటికంటే నేను బరువు పెరిగాను, అయినా ఆ మాటకి ప్రాణం లేచొచ్చింది. కాల్గరీలో నేను చిక్కానో లావయ్యానో కూరగాయల కొట్లో ఎవరికి పట్టింది?

ఇప్పుడు ఆవిడ చేతులు చూడండి, జూమ్ చేశాను. అర కిలో వంకాయలు. కాటా మీద 500 దాటింది, 530. అక్కడ ఆగాలి కదా? ఆగలేదు. బుట్టలోంచి ఇంకొకటి తీసి, పుచ్చు ఉందేమో తిప్పి చూసి, పైన పడేసింది. 590. డబ్బులు అర కిలోకే. తర్వాత కంద ముక్క, బచ్చలి కట్టలు. అన్నీ సంచిలో వేశాక, అడగకుండానే ఓ గుప్పెడు పచ్చిమిరపకాయలు, నాలుగు రెమ్మలు కరివేపాకు, కాస్త కొత్తిమీర. అమ్మకి అదీ చాల్లేదు. "ఇంకో రెండు రెమ్మలు వెయ్యమ్మా, పిల్ల కెనడా నుంచి వచ్చింది" అంది.

"కెనడా నుంచొస్తే నాకు ఎక్కువ ఇవ్వాల గానీ, నన్నే కొసరు అడుగుతారేటమ్మా?"

అంటూనే వేసింది. మొత్తం 80 రూపాయలు. అమ్మ ఫోన్‌తో స్కాన్ చేస్తే పెట్టె అరిచి చెప్పింది, డబ్బులొచ్చాయని. కెనడా డాలర్ 62 రూపాయల లెక్కన డాలరున్నర కూడా కాదు. ఆ కరివేపాకు రెమ్మలు ఉన్నాయి చూశారా, కాల్గరీలో మా ఇండియన్ స్టోర్‌లో చిన్న ప్యాకెట్ 2 డాలర్ల 99 సెంట్లు. 185 రూపాయలు! అందులోనూ సగం ఆకులు నల్లబడి ఉంటాయి. నేను పోపులో కరివేపాకు లెక్కపెట్టి వేస్తాను, అమ్మకి ఈ సంగతి చెప్పకండి.

అక్కడ కొసరు లేదని కాదు, ఉంది. మనం ఇవ్వాలి. కాఫీ షాప్‌లో 5 డాలర్ల కాఫీ తీసుకున్నారనుకోండి, కాల్గరీ ఉన్న ఆల్బెర్టా రాష్ట్రంలో దాని మీద 5 శాతం జీఎస్‌టీ, బోర్డు మీది ధరలో అది కలపరు. అది అయ్యాక అమ్మాయి కార్డ్ మెషీన్ మన వైపు తిప్పుతుంది. 15 శాతమా, 18 శాతమా, 20 శాతమా, టిప్ ఎంత ఇస్తారు అని అడుగుతుంది. ‘వద్దు’ బటన్ కూడా ఉంటుంది, కానీ ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి ఉండగా నొక్కే ధైర్యం నాకు ఇంతవరకూ రాలేదు. 18 నొక్కితే 6 డాలర్ల 20 సెంట్లు, సుమారు 385 రూపాయలు. ఇక్కడ మా సందు చివర టిఫిన్ బండి దగ్గర కాఫీ 20.

కూరలు కొనే చోట ఇంకో రకం. చాలా సూపర్ మార్కెట్లలో మనమే స్కాన్ చేసుకుని, మనమే సంచిలో పెట్టుకోవాలి. స్కాన్ చేయనిది ఒక్కటి సంచి వైపు పడితే మెషీన్ ఆగిపోతుంది, సంచిలో అనుకోని వస్తువు ఉంది అంటుంది. ఎర్ర లైట్ వెలుగుతుంది, స్టోర్ అమ్మాయి వచ్చి చూసేదాకా దోషిలా నిలబడాలి. మా కంచరపాలెం పెద్దావిడని అక్కడ పెడితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ లైట్ ఆరదు.

మా ఆయనకి మాత్రం అక్కడ కూడా కొసరు దొరుకుతుంది. కెనడాలో ఒక సెంటు నాణెం పంపిణీని 2013లో ఆపేశారు. నోట్లూ నాణేలూ ఇస్తే బిల్లుని దగ్గరలో ఉన్న ఐదు సెంట్లకి సర్దుతారు. 12 సెంట్లయితే 10 తీసుకుంటారు, 13 అయితే 15. తనకి రెండు సెంట్లు కలిసొచ్చేలా సరుకులు చూసి తీస్తారు మా ఆయన. అలా మిగిలిన రోజు ఇంటికొచ్చి గొప్పగా చెబుతారు. అంతా కలిపి రూపాయి పావలా.

ఇంటికి వచ్చాక చిట్టి దగ్గర మళ్ళీ పంచాయితీ. లిస్టులో పది ఎప్పుడో దాటిపోయాయి, అయినా కొసరు రాయమన్నాను. "దానికి బొమ్మ ఎలా వేస్తారు పెద్దమ్మా?" అంది. నాన్న, అమ్మ, మా చెల్లి తలో ఐడియా ఇచ్చారు, ఒక్కటీ దానికి నచ్చలేదు. చివరికి టీచర్‌ని అడిగి చెప్తానంది.

రేపు పొద్దున్నే కిరండూల్ పాసింజర్‌లో అరకు, నాన్న వెంట వస్తానంటున్నారు కాబట్టి సొరంగాల గురించి తప్పించుకోలేం. అత్తయ్యా, రాత్రి తిన్నది కంద బచ్చలి కూర, పప్పు, అప్పడాలు. కడుపు నిండా తిన్నాను. కాకినాడ వాళ్ళు దయచేసి నా మీద పడకండి, కాజాని కొట్టేసింది నేను కాదు, చిట్టి.