గంటకి ఎంత పడుతోంది? – ఈ వారం ఫోన్-ఇన్

యాంకర్: గోదావరి జిల్లాల శ్రోతలకు నమస్కారం. యాభై, వంద రూపాయల ఎంట్రీతో ఫోన్‌లో ఆడే పోకర్ టోర్నమెంట్లకి రాత్రిళ్లు మేల్కోవడం దండగా, కాదా? ఈ వారం మాట్లాడుకునేది ఇదే. స్టూడియోలో మాస్టారున్నారు. డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పేకాట కూడా బాగానే తెలుసు.

మాస్టారు: ఆ రెండో మాట మా ఆవిడ వింటోందండి, కాస్త మెల్లగా.

యాంకర్: మొదటి కాల్ పాలకొల్లు దగ్గర్నుంచి. చెప్పండి.

కాలర్: ఆయ్, నమస్తే మాస్టారూ. నేను మూడెకరాల రొయ్యల చెరువు లీజుకి చేస్తున్నానండి. రాత్రంతా గట్టు మీద షెడ్డులోనే ఉంటాను. చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్ల చప్పుడుకి ఎలాగూ నిద్ర పట్టదు కదాని ఆరు నెలల్నుంచి పోకర్ ఆడుతున్నాను. ఎంట్రీ యాభై, ఫీజు ఐదు. అంతకి మించి వెళ్లనండి. ఇప్పటికి లాభంలోనే ఉన్నాను. మా బావమరిది మాత్రం పనికిమాలిన పనంటాడు. మీరేమంటారు?

మాస్టారు: చెరువుకి రికార్డు రాస్తావా బాబూ?

కాలర్: రాస్తానండి. మేత ఎన్ని కిలోలు పడింది, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, పీహెచ్ ఎంత, అన్నీ.

మాస్టారు: పోకర్‌కి?

కాలర్: దానికీ రాశానండి. అదే పుస్తకంలో వెనక పేజీల నుంచి. నూట నలభై టోర్నమెంట్లు. ఎంట్రీలకి 7,700 పెట్టాను. వచ్చింది 9,500.

మాస్టారు: భేష్. ఇలా రాసుకున్నవాణ్ణి ఈ మధ్య నేను చూడలేదు. అంటే 1,800 మిగిలింది. అందులో అన్నిటికన్నా పెద్దది ఎంత?

కాలర్: ఒకసారి ఫస్ట్ వచ్చానండి. నాలుగొందల మంది పైనే ఆడారు ఆ రోజు. 4,200.

మాస్టారు: ఆ ఒక్క రాత్రి నువ్వు నిద్రపోయావనుకో. అప్పుడు?

కాలర్: (కొంచెం ఆగి) ఆ రోజు ఎంట్రీ కూడా కట్టలేదనుకుంటే 2,345 నష్టమండి.

మాస్టారు: అదీ సంగతి. నీకు ఆట రాదనడం లేదు. నూట నలభై ఆటలతో వచ్చిందో రాలేదో నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఒక్క పంటకి రేటు కలిసొస్తే వాడు గొప్ప రైతంటామా? టోర్నమెంట్ డబ్బులో పెద్ద ముక్కలన్నీ మొదటి మూడు నాలుగు స్థానాలవే. వందమందిలో పదిహేను మందికి మించి చిల్లిగవ్వ రాదు. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఎంట్రీ తిరిగొచ్చి, పైన కొంచెం. అందుకే ఎంత బాగా ఆడేవాడైనా నెలల తరబడి మైనస్‌లో ఉండొచ్చు. ఆట రానివాడు ఓ రాత్రి ఫస్ట్ కొట్టొచ్చు.

కాలర్: చివరికొచ్చేసరికి అంతా అదృష్టమేనండి. బ్లైండ్స్, అదే ముక్కలు చూడకముందే వంతుల వారీగా పెట్టాల్సిన పందెం, పెరిగిపోతాయి. ఉన్న చిప్స్ అన్నీ పెట్టి ఆల్ ఇన్ కొట్టడమో, ముక్కలు పడేసి ఫోల్డ్ చెయ్యడమో, ఇంకేం మిగలదు.

మాస్టారు: చిన్న ఎంట్రీల్లో మరీనూ. తొందరగా తెమిలిపోవాలని నిమిషాల్లో బ్లైండ్స్ పెంచేస్తారు. చేతిలో రెండు ఆసులు పడేది 221 సార్లకి ఒక్కసారి. అవి పట్టుకుని ఆల్ ఇన్ కొట్టావు, ఎదుటివాడి దగ్గర రెండు రాజులున్నాయి. అయినా దాదాపు ఐదింట ఒకసారి వాడే పట్టుకుపోతాడు. తప్పు నీది కాదు. సరే, ఒక్కో టోర్నమెంట్‌కి ఎంతసేపు పడుతోంది?

కాలర్: తొందరగా పోతే అరగంట. నిలబడితే నాలుగు గంటలు. సగటున రెండనుకోండి.

మాస్టారు: నూట నలభై రెళ్లు 280 గంటలు. 1,800ని 280తో భాగించు.

కాలర్: ...ఆరు రూపాయల చిల్లరండి.

మాస్టారు: గంటకి ఆరున్నర కూడా రాలేదు. అదీ ఫస్ట్ వచ్చిన రాత్రిని కలుపుకుంటే.

యాంకర్: టీ కూడా రాదండి!

మాస్టారు: పోనీ నీకు నిజంగానే మంచి చెయ్యి ఉందనుకుందాం. పెట్టిన నూటికి ఇరవై మిగుల్చుకునే చెయ్యి, అది చాలా మంచి చెయ్యి. యాభై అయిదుకి పదకొండు రూపాయలు. రెండు గంటలకి పదకొండు. దీన్ని పెంచుకోవాలంటే రెండే దారులు. ఒకేసారి నాలుగు టేబుళ్లు ఆడాలి, లేదా ఎంట్రీ పెంచాలి. మొదటిది నీ ఫోన్ తెర మీద సాగదు. రెండోదానికి నువ్వే హద్దు గీసుకున్నావు, మంచిదే. కనుక నీ ఆట ఎంత మెరుగైనా ఆ గంట ధర పెరగదు.

కాలర్: కానీ మాస్టారూ, ఆ గంటలు ఎలాగూ ఖాళీయే కదండీ. కాపలా కాయాల్సిందేగా.

మాస్టారు: నిజంగా ఖాళీయేనా?

కాలర్: (మౌనం) ...ఒకటి చెప్తానండి. మొన్నామధ్య రాత్రి రెండున్నరకి కరెంటు పోయింది. సరిగ్గా అప్పుడే ఫైనల్ టేబుల్. తొమ్మిదిమందిమి ఉన్నాం. ఈ ఒక్క చెయ్యీ అయ్యాక జనరేటర్ వేద్దామనుకున్నాను. ఒక చెయ్యి కాస్తా ఐదయ్యాయి. ఇరవై నిమిషాలు. లైటు వేసి చూస్తే రొయ్య గట్టు వారకొచ్చి తేలిపోతోంది. ఆ వేళప్పుడు నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ కదండీ. తెల్లారి వలతో ఏరితే నలభై కిలోలు.

మాస్టారు: టోర్నమెంట్‌లో ఎన్నో స్థానం?

కాలర్: ఏడోది. 560 వచ్చిందండి.

మాస్టారు: అరబస్తా మేత కూడా రాదు. ఆ నలభై కిలోలు ముందు పేజీల్లో రాసుంటావు. వెనక పేజీల్లో రాశావా?

కాలర్: లేదండి.

యాంకర్: మరి ఆడేది ఎందులో? ఇప్పుడు డబ్బుతో ఆడే యాప్‌లు లేవు కదా.

కాలర్: వాట్సాప్ గ్రూపులో ఏజెంట్ ఉన్నాడండి. యూపీఐ కొడితే చిప్స్ వేస్తాడు. గెలిస్తే తిరిగి కొడతాడు. పోకర్ నైపుణ్యం ఆటే కదండీ, కోర్టు కూడా చెప్పిందంటారు.

మాస్టారు: కోర్టు చెప్పింది రమ్మీ సంగతి. 1967లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన కేసులోనే సుప్రీంకోర్టు అంది, రమ్మీలో ప్రధానంగా ఉండేది నైపుణ్యమని. పోకర్‌లోనూ నైపుణ్యం ఉంది, నేను కాదనను. కానీ మన రాష్ట్రంలో 2020లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందాలు ఆపేశారు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టమైతే నైపుణ్యమా అదృష్టమా అన్న తేడాయే పెట్టుకోలేదు. డబ్బు పెట్టి డబ్బు ఆశించి ఆన్‌లైన్‌లో ఆడితే చాలు, నిషిద్ధమే. నడిపేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. రేపు మీ ఏజెంట్ ఫోన్ స్విచాఫ్ చేస్తే ఎవరికి చెప్పుకుంటావు? పేకముక్కలు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూసేదెవరు? నాలుగు వందలమందిలో ముగ్గురు పక్కపక్కన కూర్చుని ముక్కలు చెప్పుకుంటుంటే నీకెలా తెలుస్తుంది?

కాలర్: ఆ అనుమానం నాకూ ఉందండి.

మాస్టారు: నన్నడిగితే మానెయ్. నీ చిప్స్ ఇంకా ఏమైనా వాడి దగ్గరుంటే ఈ రాత్రికే వెనక్కి తీసుకో. ఇచ్చాడా, సంతోషం. ఇవ్వలేదా, చివరి ఎంట్రీ అనుకుని రాసేసుకో.

కాలర్: 340 ఉన్నాయండి. అడుగుతాను.

యాంకర్: తర్వాతి కాల్ తణుకు నుంచి.

కాలర్: సార్, అమెరికాలో ఒకాయన వంద డాలర్లు కూడా పెట్టకుండా ఆన్‌లైన్‌లో మొదలెట్టి ఇరవై అయిదు లక్షల డాలర్లు గెలిచాడు కదా. చిన్న టోర్నమెంట్లు దండగంటే ఎలా?

మాస్టారు: క్రిస్ మనీమేకర్, 2003. నిజమే, అకౌంటెంట్ ఆయన. ఆయన గెలిచిన చిన్న ఆటకి బహుమతి డబ్బు కాదు బాబూ, పెద్ద ఆటలో సీటు. ఒక మెట్టు పైన ఇంకో మెట్టుండేది. అలాంటి చోట చిన్న టోర్నమెంట్‌ని ట్యూషన్ ఫీజనుకోవచ్చు. నీకు ఆ పై మెట్టేది? కింది మెట్టు మీదే అటూ ఇటూ నడిస్తే మేడ ఎక్కినట్టవుతుందా?

యాంకర్: అమలాపురం నుంచి ఒక అమ్మగారు.

కాలర్: మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగమండి. ఫోన్‌లో ఇదే ఆడతాడు. డబ్బుల్లేవమ్మా, ఉత్తి చిప్సే అంటాడు. టెన్షన్‌గా ఉందండి.

మాస్టారు: ఉత్తి చిప్సే అయితే తప్పేం లేదమ్మా. ఆ చిప్స్ డబ్బు పెట్టి కొంటున్నాడేమో మాత్రం ఓసారి అడగండి. మెల్లగా అడగండి, అరిస్తే అబద్ధం చెప్తారు.

యాంకర్: చివరి కాల్ రావులపాలెం. పెద్దాయన గొంతులా ఉంది.

కాలర్: డెబ్బై ఆరండి నాకు. మా అరుగు మీద రోజూ రమ్మీ వేస్తాం. పందెం లేదు, కాగితం మీద పాయింట్లే. మనవడు సెలవులకొచ్చి పోకర్ నేర్చుకో తాతా అంటున్నాడు. నేర్చుకోమంటారా?

మాస్టారు: తప్పకుండా నేర్చుకోండి. ఫోన్ పక్కన పెట్టి నిజం ముక్కలతో ఆడండి. చిప్స్ బదులు చింతపిక్కలు. మనిషికి యాభై పిక్కలు పంచుకోండి, అయిపోయినవాడు లేవాలి. అదే టోర్నమెంట్.

కాలర్: పిక్కలకేం కొదవండి, మొన్ననే చింతపండు కొట్టించాం. కష్టమా ఆట?

మాస్టారు: రూల్స్ పది నిమిషాలు. ముక్కలు బాగోకపోతే వదిలెయ్యడం అలవాటవడానికే టైం పడుతుంది. ఫోల్డ్ అంటారు దాన్ని.

కాలర్: మా డ్రాప్ లాంటిదేనన్నమాట.

మాస్టారు: అంతేనండి. మీరు మొదటి డ్రాప్‌కి ఎంత రాస్తారు?

కాలర్: ఇరవై.

మాస్టారు: ఇక్కడ బ్లైండ్ మీ వంతు కాకపోతే అది కూడా లేదండి. ఊరికే పడెయ్యచ్చు.

కాలర్: ఊరికేనే? అయితే మా శీనుగాడు ఒక్క చెయ్యి కూడా ఆడడండి.