నెట్ పోతే జీపీఎస్ పోదు: కొండెక్కే ముందు ఫోన్‌లో ఏం సర్దుకోవాలి

[స్క్రీన్ మీద: కొండపల్లి ఖిల్లా, కింద అడవి, పైన కుడివైపు "నో సర్వీస్" అని చూపిస్తున్న ఫోన్]

నమస్కారం. కొండపల్లి ఖిల్లా చుట్టుపక్కల నడవడం గురించి వీడియో పెట్టిన దగ్గర్నుంచి కామెంట్లలో ఒకే ప్రశ్న వస్తోంది. "అక్కా, అక్కడ టవర్ దొరకదు కదా, మరి జీపీఎస్ ఎలా పనిచేస్తుంది?" అడిగినవాళ్లతో నాకు పేచీ లేదు, అడగాల్సిన ప్రశ్నే. కింద కొందరు పెడుతున్న జవాబులు చూస్తేనే మనసు ఊరుకోవడం లేదు. "నెట్ లేకపోతే జీపీఎస్ రాదు, రెండో సిమ్ వేసుకెళ్లు." "పెద్ద డేటా ప్యాక్ వేయించుకో." ఇది తప్పు. ఈ మాట నమ్మి, దారి చూపే సాధనం జేబులోనే ఉన్నా అడవిలో టెన్షన్ పడేవాళ్లు ఉన్నారు. అందుకని నాకిష్టమైన యాప్‌లు చూపించే ముందు ఈ ముడి విప్పేస్తాను.

మ్యాప్ తెరిస్తే మనకు రెండు కనిపిస్తాయి. రోడ్లు, చెరువులు, ఊళ్ల పేర్లు ఉన్న బొమ్మ ఒకటి. మనం ఎక్కడున్నామో చూపే నీలం చుక్క ఇంకొకటి. బొమ్మ ఇంటర్నెట్ నుంచి వస్తుంది. చుక్క ఆకాశం నుంచి వస్తుంది. నెట్ పోతే పోయేది బొమ్మే. చుక్క ఖాళీ గళ్ల మీద కదులుతూనే ఉంటుంది. చుట్టూ ఏమీ కనిపించదు కాబట్టి మనం "జీపీఎస్ పోయింది" అనుకుంటాం.

నా మాట నమ్మక్కర్లేదు, డాబా ఎక్కి చూడండి. ఫ్లైట్ మోడ్ పెట్టండి, లొకేషన్ మాత్రం ఆన్‌లో ఉంచండి, మ్యాప్ తెరిచి అటూ ఇటూ నడవండి. చుక్క మీతోపాటు నడుస్తుంది.

[స్క్రీన్ మీద: పాత రేడియో సెట్టు]

ఎందుకలా? రేడియో గుర్తు తెచ్చుకోండి. "ఆకాశవాణి, విజయవాడ కేంద్రం." 1948లో మొదలైన స్టేషన్. మన పెద్దవాళ్లు పొద్దున్నే దాంతోనే గడియారాలు సరిచేసుకునేవారు. ఆ రేడియోలో సిమ్ కార్డు ఉండేదా? రీఛార్జి చేయించేవాళ్లా? లేదు. స్టేషన్ తన మానాన తను చెబుతూ పోతుంది, సెట్టు వింటుంది, అంతే. గుంటూరులో ఎన్ని ఇళ్లలో రేడియో మోగుతోందో, ఎవరు మధ్యలో కట్టేశారో స్టేషన్‌కు తెలియదు. జీపీఎస్ అచ్చం ఇదే. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు రేడియో స్టేషన్లు. మీ ఫోన్‌లో ఉన్నది ఒక చిన్న రేడియో సెట్టు. అది పైకి ఏమీ పంపదు, వింటుంది.

అందుకే ఇంకో భయం కూడా తీసేయండి. "లొకేషన్ ఆన్ చేస్తే శాటిలైట్‌కు మనం ఎక్కడున్నామో తెలిసిపోతుంది" అంటారు. రేడియో పెట్టినంత మాత్రాన స్టేషన్‌కు మన ఇల్లు తెలిసిందా? మీరెక్కడున్నారో బయటికి చెప్పేది ఉపగ్రహం కాదు, మీరు అనుమతి ఇచ్చిన యాప్. అది నెట్ ద్వారా చెబుతుంది. టార్చిలైట్ యాప్‌కు మీ లొకేషన్ ఎందుకండీ? నాకు అసలు నచ్చని సంగతి ఇది. సెట్టింగుల్లోకి వెళ్లి "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని మార్చండి, అవసరం లేనివాటికి పూర్తిగా తీసేయండి.

సరే, ఆ స్టేషన్లు ఏం చెబుతాయి? పాటలు లేవు, వార్తలు లేవు. ప్రతి స్టేషన్ మూడే చెబుతుంది: నేను ఫలానా, నేను ఇక్కడున్నాను, ఇప్పుడు టైమ్ ఇంత. ఆ మాట కాంతి వేగంతో వస్తుంది, అంటే సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. మన ప్రకాశం బ్యారేజీ సుమారు 1.2 కిలోమీటర్ల పొడవు. ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లడానికి ఆ సిగ్నల్‌కు పట్టేది సెకనులో పది లక్షల వంతుల్లో నాలుగు. అంత వేగంగా వచ్చినా ఉపగ్రహం చాలా దూరంలో ఉంది కాబట్టి ఫోన్‌ను చేరడానికి సెకనులో వందో వంతులు ఆరేడు పడుతుంది. స్టేషన్ చెప్పిన టైమ్‌కూ, అది నాకు వినపడిన టైమ్‌కూ ఎంత తేడా ఉందో చూసుకుంటే ఆ స్టేషన్ నాకెంత దూరమో తెలిసినట్టే. మూడు స్టేషన్లకు దూరాలు తెలిస్తే నేనున్న చోటు తేలిపోతుంది.

మరి నాలుగు ఉపగ్రహాలు కావాలని ఎందుకంటారు? నాకు ఇందులో బాగా ఇష్టమైన భాగం ఇదే. ఉపగ్రహంలో ఉన్నది ఎంతో కచ్చితమైన అణు గడియారం. ఫోన్‌లో ఉన్నది చవక గడియారం. టైమ్ సెకనులో పది లక్షల వంతుల్లో ఒక్క వంతు తప్పినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఫోన్ గడియారాన్ని ఎలా నమ్మాలి? నమ్మక్కర్లేదు. నాలుగో స్టేషన్ కూడా వింటే, నాలుగు లెక్కలూ ఒకే చోట కలవాలంటే తన గడియారం ఎంత తప్పి ఉండాలో ఫోన్ లెక్కగట్టేస్తుంది. పెద్దవాళ్లు రేడియో విని గోడ గడియారం సరిచేసుకున్నట్టే, మీ ఫోన్ క్షణక్షణం నాలుగు స్టేషన్లు విని తన టైమ్ సరిచేసుకుంటుంది. తను ఎక్కడుందో తెలియడమూ, టైమ్ ఎంతో తెలియడమూ ఒకే లెక్కలో తేలతాయి. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం కూడా ఇందులో ఉంది. పైన గడియారాలు కింద వాటికంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు, అంటే సెకనులో పది లక్షల వంతుల్లో 38, ముందుకు పోతాయి. ఆ సవరణ చేయకపోతే రోజుకు కిలోమీటర్ల లెక్కన తప్పు పేరుకుంటుంది.

ఇప్పుడు న్యాయంగా ఒక మాట. నెట్ ఉంటే జీపీఎస్ తొందరగా దొరుకుతుంది, నిజమే. అపోహ పుట్టింది కూడా ఇక్కడే అని నా అభిప్రాయం. ఉపగ్రహం తన వివరాలు చాలా నెమ్మదిగా చదువుతుంది, సెకనుకు 50 బిట్లు. తానెక్కడుందో పూర్తిగా చెప్పడానికి 30 సెకన్లు పడుతుంది, మధ్యలో చెట్టు అడ్డమొచ్చి ఒక ముక్క వినపడకపోతే అది మళ్లీ వచ్చేదాకా ఆగాలి. రోజు మొత్తం రేడియో కార్యక్రమాల పట్టిక పేపర్లో వచ్చేది గుర్తుందా? పట్టిక చేతిలో ఉంటే ఏ స్టేషన్లో ఏమొస్తుందో వెతుక్కోనక్కర్లేదు. నెట్ చేసే సాయం అదే. ఏ ఉపగ్రహం ఎక్కడుందో ముందే చెప్పేస్తుంది. పట్టిక లేకపోయినా రేడియో మోగుతుంది, స్టేషన్ దొరకడానికి కాస్త టైమ్ పడుతుంది. కాబట్టి కొండ కింద, సిగ్నల్ ఉన్నచోటే ఒకసారి మ్యాప్ తెరిచి చుక్క స్థిరపడే వరకు ఆగి, అప్పుడు నడక మొదలుపెట్టండి. పైకెళ్లాక మొదటిసారి తెరిస్తే, ఆకాశం బాగా కనిపించే చోట ఒకటి రెండు నిమిషాలు నిలబడండి. పది సెకన్లకే "రావట్లేదు" అని ఫోన్ జేబులో పెట్టేయకండి.

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్ మీద ఉన్నామో కింద ఉన్నామో మ్యాప్‌కు తెలియక తికమక పెడుతుంది కదా, దానికీ నెట్‌తో సంబంధం లేదు. రెండు రోడ్లూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, జీపీఎస్‌లో ఎత్తు లెక్క అడ్డం లెక్క అంత కచ్చితంగా ఉండదు. పైగా కాంక్రీటుకు తగిలి తిరిగొచ్చిన సిగ్నల్ ఆలస్యంగా చేరి దూరాన్ని ఎక్కువ చేసి చూపిస్తుంది. నిట్టనిలువు రాతి గోడల పక్కన కూడా చుక్క గెంతేది ఇందుకే.

[స్క్రీన్ మీద: జీపీఎస్‌టెస్ట్ యాప్, జెండాల వరస]

ఇక యాప్‌లు. మొదటిది జీపీఎస్‌టెస్ట్, ఆండ్రాయిడ్ ఫోన్లకు. మీ ఫోన్ ఈ నిమిషంలో ఏ దేశపు ఏ ఉపగ్రహాన్ని వింటోందో జెండాలతో సహా చూపిస్తుంది. అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ. కొన్ని ఫోన్లలో మన జెండా కూడా కనిపిస్తుంది, అది నావిక్. దాని మొదటి ఉపగ్రహం 2013 జులై 1న మన శ్రీహరికోట నుంచే వెళ్లింది. మొదట్లో పంపిన ఉపగ్రహాలు మామూలు ఫోన్ చిప్‌లు వినని బ్యాండ్లలో మాట్లాడేవి. 2023 మేలో పంపిన ఎన్‌వీఎస్-01 నుంచి, ఫోన్లు ఎప్పటినుంచో వింటున్న ఎల్1 బ్యాండ్‌ను కూడా చేర్చారు. మన జెండా ఆ వరసలో చూసినప్పుడు నాకు కలిగే సంతోషం మీకూ కలగాలని ఈ యాప్ ముందు పెట్టాను.

చుక్క సంగతి తేలింది కాబట్టి బొమ్మ సంగతి. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోవచ్చు, ఊరి నుంచి ఊరికి బండి మీద వెళ్లడానికి బాగుంటుంది. కానీ ఆఫ్‌లైన్‌లో అది బండి దారే చెబుతుంది, నడక దారి చెప్పదు. కొండకు అది చాలదు. అందుకే నా ఫోన్‌లో ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్ఆండ్ రెండూ ఉంటాయి. ఒకటే ఉంచుకోవాలంటే ఆర్గానిక్ మ్యాప్స్. తేలిక, ప్రకటనలు లేవు, మొత్తం పని ఆఫ్‌లైన్‌లోనే. ఓస్మ్ఆండ్‌లో మీటలు ఎక్కువ, మొదట తల తిరుగుతుంది, అలవాటైతే వదలరు. రెండింటికీ బొమ్మ ఇచ్చేది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో మొదలైంది, మనలాంటి మామూలు మనుషులే గీస్తారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. మనుషులు గీస్తారంటే, ఎవరూ గీయని చోట ఏమీ ఉండదని అర్థం. కొండవీడు ఘాట్ రోడ్డు ఎవరైనా గీస్తారు. పశువులు తోలుకెళ్లే కాలిబాట, ఊరివాళ్లు ఒక పేరుతో పిలుచుకునే చిన్న కుంట, కోట బురుజు పక్కన దిగుడు మెట్లు, ఇవి తెలిసినవాళ్లు మనమే. మనం చేర్చకపోతే ఎవరు చేరుస్తారు? తెలుగు పేరుకు అందులో వేరే గడి కూడా ఉంది. ఖాళీగా ఉన్న గడిలో మీ ఊరి చెరువు పేరు తెలుగులో రాయండి. అది ఒక్క యాప్‌లో ఆగదు, ఆ బొమ్మ వాడే యాప్‌లన్నింటికీ అందుతుంది.

ఇంకొక్కటి, నడక మొదలుపెట్టగానే ట్రాక్ రికార్డింగ్ ఆన్ చేయండి. మీరు నడిచిన దారి గీతలా పడుతుంది. పొదల్లో దారి తప్పితే ఆ గీత పట్టుకుని వెనక్కి వచ్చేయొచ్చు. దీనికీ నెట్ అక్కర్లేదు. కొన్ని ఫోన్లు స్క్రీన్ ఆరగానే యాప్‌ను ఆపేస్తాయి, కాబట్టి బ్యాటరీ సెట్టింగుల్లో ఈ యాప్ మీద ఆంక్షలు తీసేయండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెబుతాను. ప్రతి యాప్‌కూ ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఇందులో నెట్ కావాల్సింది ఏ భాగానికి?

మెర్లిన్ బర్డ్ ఐడీ: పక్షుల కోసం. కార్నెల్ యూనివర్సిటీ పక్షుల ల్యాబ్‌వాళ్లది, ఉచితం. మన ప్రాంతం ప్యాక్ ఇంటి దగ్గరే దించుకుంటే అడవిలో నెట్ లేకపోయినా కూత విని పేరు చెబుతుంది. గుంటూరు పక్కన ఉప్పలపాడులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పెద్దగా అరవవు, అక్కడ ఫొటో పెట్టి అడగండి.

దామిని: పిడుగుల హెచ్చరిక. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎంవాళ్లు చేసింది. మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతుంటే చెబుతుంది. దీనికి నెట్ కావాలి. టవర్ లేనిచోట ఇది మోగలేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవద్దు. బయల్దేరే ముందు ఇదీ, వాతావరణ శాఖవాళ్ల మౌసమ్ యాప్ చూసుకోండి. ఉరుము వినపడితే కొండ కొస మీద నుంచి, ఒంటరి చెట్టు కింద నుంచి వెంటనే దిగిపోండి.

రోజూ వాడేవాటిలో వేర్ ఈజ్ మై ట్రైన్. దీన్ని తలుచుకుంటే నాకు ముచ్చటేస్తుంది, ఎందుకంటే ఇది జీపీఎస్‌కు తిరగేసిన పద్ధతి. రైల్లో కూర్చుని ఉంటే నెట్ లేకుండా, జీపీఎస్ లేకుండా పక్కన దాటిపోతున్న సెల్ టవర్లను బట్టి బండి ఎక్కడుందో చెబుతుంది. విజయవాడ జంక్షన్ ఎంత దూరంలో ఉందో కిటికీలోంచి మెడ చాచి చూడక్కర్లేదు.

బ్యాటరీ: టవర్ లేనిచోట ఫోన్ టవర్ కోసం వెతికి వెతికి ఛార్జింగ్ తినేస్తుంది. ఫ్లైట్ మోడ్ పెట్టేయండి. చుక్క పోదని ఇప్పుడు తెలుసు కదా.

అత్యవసరానికి 112. ముందు ఫ్లైట్ మోడ్ తీసేయాలి, మర్చిపోకండి. మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా అక్కడ ఏ కంపెనీ టవర్ అందినా ఈ కాల్ వెళ్తుంది. ఎక్కడున్నారంటే "కొండ మీద" అని ఆగిపోకుండా నీలం చుక్క మీద నొక్కి పట్టుకుని అక్కడ కనిపించే రెండు సంఖ్యలు, అంటే అక్షాంశం, రేఖాంశం చదవండి. విజయవాడ అయితే 16.5, 80.6 దగ్గర్లో ఉంటాయి. ఆ సంఖ్యల్లో పాయింట్ తర్వాత నాలుగు అంకెలు చెబితే సుమారు పది మీటర్ల తేడాలో మిమ్మల్ని పట్టుకోవచ్చు.

జీపీఎస్‌టెస్ట్ వేసి చూశాక మీ ఫోన్‌లో మన జెండా కనిపించిందో లేదో, ఫోన్ మోడల్ పేరుతో సహా కింద రాయండి. ఏ ఫోన్లలో నావిక్ వస్తోందో పట్టిక చేసి పిన్ చేస్తాను. ఉంటానండి.