కొత్తవాళ్ళకు ముందు కిచెన్ మూయడం నేర్పండి

నమస్తే అండి. ఈ వీడియో షేర్డ్ కిచెన్ నడిపేవాళ్ళ కోసం. అంటే, ఒకే కమర్షియల్ కిచెన్‌ను గంటల లెక్కన నలుగురైదుగురికి అద్దెకిచ్చేవాళ్ళ కోసం. అద్దెకు తీసుకునేవాళ్ళు చూసినా నష్టమేమీ లేదు. మీకు చేరిన రోజున ఏమేం చెప్పకుండా వదిలేశారో తెలుస్తుంది.

కొత్త మనిషి చేరితే మనం మామూలుగా ఏం చేస్తాం? అగ్రిమెంట్ మీద సంతకం, డిపాజిట్, లైసెన్సు కాపీ, ఇన్సూరెన్స్ కాగితం. తర్వాత కిచెన్ అంతా ఓ చుట్టు తిప్పి, ఇదిగో ఓవెన్, ఇదిగో మిక్సర్, ఇదిగో కోల్డ్ రూమ్, ఇదిగో తాళంచెవి అంటాం. ఇరవై నిమిషాల్లో పనైపోతుంది. మనం చెబుతున్నంతసేపూ వాళ్ళు తల ఊపుతూనే ఉంటారు. అర్థమయ్యే ఊపుతున్నారని నేను చాలా రోజులు నమ్మాను. నిజానికి వాళ్ళ మనసంతా ఎప్పుడు పొయ్యి వెలిగిద్దామా అన్నదాని మీదే ఉంటుంది.

నా దగ్గర జరిగిందే చెబుతాను. కొత్తగా ఒకావిడ చేరారు. వంటలో మంచి చేయి, మనిషి కూడా చాలా పద్ధతి. మొదటిరోజే రెండు పెద్ద గుండిగల నిండా సూప్ కాచారు. స్లాట్ టైం అయిపోతోందని టెన్షన్ పడి, పొగలు కక్కుతున్న గుండిగలకు మూతలు పెట్టి, తిన్నగా కోల్డ్ రూమ్‌లో పెట్టేసి వెళ్ళిపోయారు. మాది చిన్న కోల్డ్ రూమ్. తెల్లారి రికార్డు చూస్తే రాత్రి చాలాసేపు 10 డిగ్రీల దగ్గరే ఉంది. గుండిగ మధ్యలో థర్మామీటర్ పెడితే ఇంకా గోరువెచ్చగానే ఉంది. ఆ సూప్ ఎలాగూ పారబోయాల్సిందే. దాంతోపాటు అదే గదిలో ఉన్న ఇంకో ముగ్గురి క్రీము, మాంసం కూడా పోయాయి. డిపాజిట్‌లో కోస్తానంటే ఆవిడ ఒక్కటే మాట అడిగారు, "వేడిది లోపల పెట్టకూడదని మీరు నాతో అన్నారా?" అనలేదు. కాగితంలో ఉంది, పద్నాలుగో పేజీలో. ఆ కాగితం రాసిన నేనే ఆ పేజీని మళ్ళీ చూసింది లేదు.

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే ఇది మర్యాదకో శుభ్రతకో సంబంధించిన సంగతి కాదు. కోల్డ్ రూమ్ ఉన్నది చల్లగా ఉన్నదాన్ని చల్లగా ఉంచడానికి. మరిగే గుండిగను చల్లార్చే శక్తి దానికి ఉండదు. పైగా చిక్కటి పదార్థం మందం రెట్టింపైతే, చల్లారే సమయం సుమారు నాలుగు రెట్లవుతుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా పెరుగుతుంది. అందులోనూ 40 దాటిన వేడిలో మహా హుషారుగా పెరిగే రకాలున్నాయి, వాటి బీజాలు మరిగించినా చావవు. అందుకే అమెరికా ఫుడ్ కోడ్, అంటే అక్కడి ఆహార భద్రత నియమావళి, రెండు మెట్లు పెట్టింది. 57 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో దిగాలి, అక్కడి నుంచి 5కి ఇంకో నాలుగు గంటల్లో దిగాలి. మొదటి మెట్టుకు తక్కువ టైం ఎందుకిచ్చారో ఇప్పుడు అర్థమైంది కదా.

ఇదంతా నేనిప్పుడు నోటితో చెప్పి ఊరుకోవట్లేదు. కొత్తవాళ్ళు చేరేరోజు ఒక గుండిగ నిండా మరిగిన నీళ్ళిచ్చి, చల్లార్చమంటాను. వెడల్పాటి ట్రేలలో రెండంగుళాల లోతుకు మించకుండా పోస్తారో, ఐస్ నీళ్ళున్న సింక్‌లో గిన్నె దించి కలుపుతారో వాళ్ళిష్టం. అరగంటకోసారి థర్మామీటర్ పెట్టి చూడాలి. ఆ థర్మామీటర్‌ను ముందు ఐస్ నీళ్ళలో ముంచి సున్నా చూపిస్తోందో లేదో చూసుకోమంటాను. ఒక్కసారి చేత్తో చేసినవాళ్ళు మళ్ళీ వేడి గుండిగకు మూతపెట్టి కోల్డ్ రూమ్‌లోకి తోయడం నేనింతవరకూ చూడలేదు.

ఆ గొడవ తర్వాత నా పద్ధతే తిరగేశాను. ఇప్పుడు కిచెన్ తెరవడం చూపించను, మూయడం చేయిస్తాను. మొదటి బుకింగ్‌కు ముందే ఒకరోజు, నేను పక్కనుండగా, కిచెన్ మూసి బయటికెళ్ళాలి. షేర్డ్ కిచెన్‌లో వచ్చే తగాదాల్లో వంట గురించి వచ్చేవి చాలా తక్కువండి. దాదాపు అన్నీ ఆఖరి అరగంటలోనే పుడతాయి. నాలుగు గంటలు బుక్ చేసుకున్నవాళ్ళు నాలుగు గంటలూ వంటకే అనుకుంటారు. సామాను దింపడం, కడగడం, తుడవడం, చెత్త మోయడం అన్నీ అందులోకే వస్తాయని చెబితే సరే అంటారు. ఒకసారి వాచీ పెట్టుకుని మూసినప్పుడు మాత్రం, "అమ్మో, నాకిది ముప్పావుగంట పడుతుందే" అని వాళ్ళే అంటారు. తర్వాతి బుకింగ్ దానికి తగ్గట్టే పెట్టుకుంటారు.

మూసేటప్పుడు ఇంటి అలవాట్లన్నీ బయటపడతాయి. జిడ్డు గిన్నెను అలాగే సింక్‌లో కడిగేస్తారు. వేడి నీళ్ళతో కొవ్వు కరిగి పోయినట్టే ఉంటుంది, పైపులో కొంత దూరం వెళ్ళాక చల్లబడి గట్టిపడుతుంది. మొదట గీకి చెత్తలో వేయాలి, మిగిలిన నూనె డ్రమ్ములో పోయాలి, ఆ తర్వాతే సింక్. మూడు గదుల సింక్ అంటే సబ్బుతో తోమడం, మంచినీళ్ళతో కడగడం, సానిటైజర్‌లో ముంచడం. క్లోరిన్ అయితే 50 నుంచి 100 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళ నీళ్ళకు 50 నుంచి 100 పాళ్ళు చాలు, టెస్ట్ స్ట్రిప్ ముంచితే రంగు చెబుతుంది. మరి కాస్త పోస్తే ఇంకా మంచిదని చాలామంది అనుకుంటారు, గిన్నెకు ఆ మందే అంటుకుంటుంది. ఆఖర్న గుడ్డతో తుడిచేస్తే చేసిందంతా వృథా. గాలికే ఆరనివ్వాలి.

చక్రాలున్న ఫ్రయర్ సంగతి చాలామంది ఓనర్లకే తట్టదు. కొత్తవాళ్ళు పాపం శ్రద్ధగా ఫ్రయర్‌ను పక్కకు లాగి వెనకంతా తుడుస్తారు. తుడిచాక ఒక అడుగు అటో ఇటో వదిలేస్తారు. పైన పొగను లాగే హుడ్‌లో మంటలార్పే నాజిల్స్ ఫ్రయర్ అసలు చోటుకే గురిపెట్టి ఉంటాయి. జరిగిన ఫ్రయర్‌లో మంట లేస్తే మందు నేల మీద పడుతుంది. అందుకే చక్రాలు ఎక్కడుండాలో నేల మీద పెయింట్‌తో గీతలు గీయించాను. నూనె మంటకు నీళ్ళు వద్దు, ముందు హుడ్ సిస్టమ్ హ్యాండిల్ లాగాలి, ఆ తర్వాతే చేతి ఎక్స్‌టింగ్విషర్. వంటనూనెలకు వాడే ఎక్స్‌టింగ్విషర్‌ను అమెరికాలో క్లాస్ కె అంటారు, ఐరోపాలో క్లాస్ ఎఫ్. ఆ హ్యాండిల్ ఎక్కడుందో కళ్ళు మూసుకుని చూపించమంటాను. నవ్వుకుంటారు, కానీ చూపిస్తారు.

అలర్జీల సంగతి మాత్రం సంతకానికి ముందే తేలాలి. మీరేం చేస్తారు, అందులో గోధుమ ఉందా, నట్స్ ఉన్నాయా, పాలు, గుడ్లు, నువ్వులు ఉన్నాయా అని అడుగుతాను. ఐరోపా సమాఖ్య జాబితాలో ఇలాంటివి 14 ఉన్నాయి, అమెరికా జాబితాలో 2023 నుంచి నువ్వులతో కలిపి 9. సానిటైజర్ కొట్టాం కదా అని వీటి విషయంలో నిశ్చింతగా ఉండకూడదు. అది క్రిములను చంపుతుంది, అలర్జీ తెప్పించే ప్రోటీన్‌ను ఏమీ చేయదు. దాన్ని సబ్బునీళ్ళతో రుద్ది కడిగేయాలి. పిండి అయితే గాలిలో చాలాసేపు తేలుతుంది కూడా. గ్లూటెన్, అంటే గోధుమలాంటి వాటిలో ఉండే ప్రోటీన్, లేని వంటకాలు చేసేవాళ్ళకు పొద్దున మొదటి స్లాట్, పిండి పనివాళ్ళకు సాయంత్రం స్లాట్ ఇస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. రెండూ కుదరవనిపిస్తే కొత్తవాళ్ళను చేర్చుకోకండి, అద్దె పోతే పోయింది.

కాగితాల గురించి పెద్దగా చెప్పను. ఇన్సూరెన్స్‌లో మీ కిచెన్ పేరు కూడా చేర్చమనండి, గడువు తేదీ మీ క్యాలెండర్‌లో రాసుకోండి. కోల్డ్ రూమ్‌లో పెట్టే ప్రతి డబ్బా మీద పేరు, తేదీ ఉండాలి. పచ్చి మాంసం అడుగు అరలోనే ఉండాలి. అంతే.

ఇంకొకటుంది, నాకు ఆలస్యంగా తెలిసింది. కొత్తవాళ్ళు కంప్లైంట్ చేయరు. ముందు స్లాట్ వాళ్ళు ఓవెన్ మురికిగా వదిలేసి వెళ్ళారనుకోండి, కొత్తగా వచ్చాం, మనకెందుకులే అని నోరు మూసుకుని తుడుచుకుంటారు. రెండోసారీ తుడుస్తారు. మూడోసారి వాళ్ళూ అలాగే వదిలేస్తారు. అందుకని లోపలికి రాగానే ఐదు ఫోటోలు తీసి గ్రూప్‌లో పెట్టడం తప్పనిసరి చేశాను. అందరూ పెడతారు కాబట్టి అది చాడీ చెప్పినట్టు ఉండదు.

ఫోన్ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి, రాత్రిపూట ఎవరు ఎత్తుతారో కూడా రాయండి. మా గోడ మీద ఉన్నది నా నంబరే. మొదట్లో ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ మోగితే గ్యాస్ లీకేమో అనుకుని గుండె జారిపోయింది. తీరా చూస్తే, తడిగుడ్డ కర్ర ఎక్కడుందో కనపడలేదట. మర్నాడే వెళ్ళి ఆ మూలన గోడ మీద "కర్ర ఇక్కడ" అని రాసి, బాణం గుర్తు వేసొచ్చాను.