ఒక రికార్డుకు జవాబు ఇంకో రికార్డు

అందరికీ నమస్కారం. అరవైల బ్యాండ్ల పోటీ అనగానే బీటిల్స్, రోలింగ్ స్టోన్స్ గురించి చెబుతానని మీలో చాలామంది అనుకుని ఉంటారు. ఆ పోటీ చాలావరకు పత్రికలు పెంచి పోషించినది. స్టోన్స్‌కి 1963లో రెండో సింగిల్ కోసం పాట రాసిచ్చిందే బీటిల్స్‌లోని లెనన్, మెకార్ట్నీ. ఒకరి రికార్డును ఒకరు పట్టి పట్టి విని, దానికి జవాబుగా ఇంకో రికార్డు చేసిన పోటీ వేరే ఉంది. ఒకవైపు బీటిల్స్, ఇంకోవైపు కాలిఫోర్నియా కుర్రాళ్లు బీచ్ బాయ్స్.

బీచ్ బాయ్స్ అంటే ఒక కుటుంబం. ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ల మేనత్త కొడుకు మైక్ లవ్, ఒక స్నేహితుడు. పెద్దవాడు బ్రయాన్ విల్సన్ పాటలు కట్టేవాడు, రికార్డింగ్ కూడా తనే నడిపించేవాడు. చిత్రమేమిటంటే అతనికి కుడి చెవి దాదాపు వినపడదు. 1964 డిసెంబరులో విమానంలో తీవ్రమైన ఆందోళనకు లోనై, ఆ తర్వాత టూర్లకు వెళ్లడం మానేశాడు. మిగతావాళ్లు ఊరూరా తిరిగి కచేరీలు చేస్తుంటే, ఇతను స్టూడియోలో కూర్చున్నాడు.

1965 డిసెంబరులో బీటిల్స్ 'రబ్బర్ సోల్' వచ్చింది. అందులో ఏదో నింపాలని పెట్టిన పాట ఒక్కటీ లేదనిపించింది బ్రయాన్‌కి. దీన్ని తలదన్నే రికార్డు చెయ్యాలని పట్టుబట్టాడు. ఇక్కడ నాకు భలే ఇష్టమైన సంగతి ఒకటుంది. అతను విన్నది బీటిల్స్ కూర్చిన రికార్డు కాదు! అమెరికాలో క్యాపిటల్ కంపెనీ అందులోంచి నాలుగు పాటలు తీసేసి, బ్రిటన్‌లో అంతకుముందు వచ్చిన 'హెల్ప్!' రికార్డులోంచి రెండు కలిపింది. గిటార్ హోరున్న 'డ్రైవ్ మై కార్' పోయి, మొదట్లోకి మెత్తని అకౌస్టిక్ (కరెంటు లేని గిటార్) పాట వచ్చింది. దాంతో రికార్డంతా ఒకే ధోరణిలో సాగినట్టు వినిపిస్తుంది. బ్రయాన్‌కి నిద్ర లేకుండా చేసిన ఆ ఏకత్వంలో కొంత వాటా కంపెనీ కత్తెరదే. పైగా అమెరికాలో బీచ్ బాయ్స్ రికార్డులు వేసేదీ ఆ క్యాపిటలే.

అతని జవాబు 1966 మేలో వచ్చిన 'పెట్ సౌండ్స్'. పాటల మాటలకు ప్రకటనల రంగంలో పనిచేసే టోనీ ఆషర్ సాయం చేశాడు. వాయించింది లాస్ ఏంజిలిస్ స్టూడియోల్లో రోజు కూలికి వాయించే ఆరితేరిన వాద్యకారులు. కోకాకోలా డబ్బాలు, సైకిల్ హారన్, చివర్లో రైలు పోతుంటే బ్రయాన్ పెంపుడు కుక్కల అరుపులు, అన్నీ అందులో వాద్యాలే. 'కెరొలైన్, నో' మొదట్లో వినిపించే ఆ టంగ్‌మనే చప్పుడు మంచినీళ్ల క్యాన్ మీద కొట్టినది. ఇంత చేసినా అమెరికాలో పదో స్థానం దాటలేదు. రెండు నెలలైనా గడవకముందే క్యాపిటల్ పాత హిట్ల సంకలనం ఒకటి బజారులోకి వదిలింది. సొంత సరుకు మీద సొంత కంపెనీకే నమ్మకం లేకపోతే ఏం చేస్తాం?

లండన్‌లో మాత్రం కథ వేరు. టూర్లలో బ్రయాన్ స్థానంలోకి వచ్చిన బ్రూస్ జాన్‌స్టన్ ఆ రికార్డు చంకన పెట్టుకుని మే నెలలోనే లండన్ వెళ్లి, హోటల్ గదిలో లెనన్‌కి, మెకార్ట్నీకి వినిపించాడు. అది బ్రిటన్‌లో రెండో స్థానానికి ఎక్కింది. మెకార్ట్నీని ఎక్కువగా పట్టుకున్నది బేస్, అంటే కింది స్వరాలు పలికే గిటార్. మామూలుగా బేస్ గిటార్ కార్డ్‌కి, అంటే కలిసి మోగే స్వరాల గుంపుకి, ఆధార స్వరాన్ని పట్టుకుని కూర్చుంటుంది. బ్రయాన్ దాన్ని పక్క స్వరాల మీదికి నడిపించి, పాటకు ఇంకో పాట తోడు నడుస్తున్నట్టు చేశాడు. 1967లో వచ్చిన 'సార్జెంట్ పెప్పర్'లో మెకార్ట్నీ బేస్ అలాగే విడిగా పాడుతుంది. 'పెట్ సౌండ్స్' లేకపోతే 'పెప్పర్' లేదని బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టినే ఒప్పుకున్నాడు.

ఈలోగా బ్రయాన్ 'గుడ్ వైబ్రేషన్స్' ఇచ్చాడు. మూడున్నర నిమిషాల పాట కోసం నెలల తరబడి నాలుగు స్టూడియోలు తిరిగి, ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి అతికించాడు. రెండు దేశాల్లోనూ అదే నంబర్ వన్. తర్వాత 'స్మైల్' అనే ఆల్బమ్ తలకెత్తుకున్నాడు. కంపెనీ అట్టలు లక్షల్లో అచ్చేసేసింది. కానీ వాన్ డైక్ పార్క్స్ రాసిన మాటలు మైక్ లవ్‌కి నచ్చలేదు, కంపెనీతో కోర్టు గొడవ, మత్తుమందులు, టెన్షన్. 1967 మేలో, సరిగ్గా 'పెప్పర్' వచ్చే ముందు, బ్రయాన్ చేతులెత్తేశాడు.

దీన్ని ఓటమి అంటే నేనొప్పుకోను. అటువైపు పాటలు రాసేవాళ్లు ముగ్గురు, వాళ్లకు దన్నుగా జార్జ్ మార్టిన్. ఒకరు తడబడితే ఇంకొకరు అందుకునేవారు. ఇటువైపు బరువంతా పాతికేళ్లు నిండని ఒక్కడి మీద. ఆ 'స్మైల్'ని 2004లో లండన్‌లో అతను వేదిక మీద పూర్తిగా వినిపించాడు. 2025 జూన్‌లో కన్నుమూశాడు.

ఈ కథలో మన దేశమూ ఉంది. 1968లో మహర్షి మహేష్ యోగి ఆశ్రమానికి, రిషీకేశ్‌కి, బీటిల్స్‌తో పాటు మైక్ లవ్ కూడా వచ్చాడు. అక్కడ మెకార్ట్నీ 'బ్యాక్ ఇన్ ద యూ.ఎస్.ఎస్.ఆర్.' కడుతుంటే, రష్యా అమ్మాయిల గురించి కూడా పెట్టమని సలహా ఇచ్చింది తనేనంటాడు లవ్. పాట మధ్యలో వెనక నుంచి వచ్చే గొంతులు అచ్చం బీచ్ బాయ్స్ బాణీయే.

మాటలు చాలు, ఇక వినండి. ముందు 'పెట్ సౌండ్స్' లోంచి 'గాడ్ ఓన్లీ నోస్' పెడతాను, తర్వాత 'పెప్పర్' లోంచి 'విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్'. మొదటిసారి గాయకుణ్ని వదిలేసి బేస్ గిటార్ మీదే చెవి పెట్టండి.