ఏడుపు వినిపించకపోతే బాధ లేనట్టేనా?

సభాధ్యక్షులకు, వర్షాన్ని లెక్కచేయకుండా వచ్చిన మిత్రులకు నమస్కారం. పాత రికార్డులు వినే మన సమావేశాల్లో ఒక సాయంత్రాన్ని అమెరికన్ పాటలకు కేటాయించిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే ఉన్న సమయం అందులోనే గడిచిపోతుంది కనుక అందరికీ కలిపి ఒకే నమస్కారం.

అమెరికన్ జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ 1956 నుంచి 1964 వరకు విడుదల చేసిన ఎనిమిది ‘సాంగ్ బుక్’ రికార్డుల గురించి వరుసగా చెప్పాలని కాగితాల మీద రాసుకుని వచ్చాను. కానీ అధ్యక్షుల వారు తొలిపలుకుల్లో ఒక మాట అన్నారు. ఎల్లాది అద్భుతమైన గొంతే గానీ, ఆమె కాలపు మరో జాజ్ గాయని బిల్లీ హాలిడే పాటలో ఉన్న గుండె అందులో లేదన్నారు. ఆయన మీద నాకు ఎంత గౌరవమో మీకు తెలుసు. పైగా అది ఆయన ఒక్కరి మాట కాదు. అమెరికాలో విమర్శకులు దశాబ్దాలుగా అంటున్నదే. అయినా ఆ మాట విన్నాక కాగితాలు పక్కన పెట్టక తప్పడం లేదు. ఈ మాటకు జవాబు చెప్పాలని నాకు ఎన్నాళ్లుగానో ఉంది. ఇవాళ అవకాశం దొరికింది.

ముందు ఈ సాంగ్ బుక్ పాటల గురించి కొంచెం. 1920ల నుంచి 1950ల దాకా న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకాల కోసం, హాలీవుడ్ సినిమాల కోసం పుట్టినవే వీటిలో చాలావరకు. వీటిని కట్టినవారిలో చాలామంది వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. ఇర్వింగ్ బెర్లిన్ 1888లో రష్యన్ సామ్రాజ్యంలో పుట్టి, అయిదేళ్ల వయసులో తల్లిదండ్రుల వెంట న్యూయార్క్ చేరినవాడు. వందల పాటలు కట్టినా సంగీత లిపి చదవడం ఆయనకు చివరిదాకా రాలేదు. హెరాల్డ్ ఆర్లెన్ తండ్రి బఫలో నగరంలో యూదుల ప్రార్థనామందిరంలో గాయకుడు. జార్జ్ గెర్ష్విన్ బ్రూక్లిన్‌లో పుట్టి, 1937లో 38 ఏళ్లకే కన్నుమూశాడు. ఆయన బాణీలకు మాటలు రాసిన అన్న ఐరా ఆ తర్వాత నలభై ఆరేళ్లు బతికాడు. కోల్ పోర్టర్ మాత్రం వేరు, ఇండియానా రాష్ట్రంలోని సంపన్న కుటుంబం వాడు.

నాటకం ఆడినన్నాళ్లు పాట ఊరంతా తిరిగేది. నాటకం ఆగిపోతే పాటకు దిక్కు గాయకులూ, నాట్యశాలల బ్యాండ్లే. అక్కడ 78 ఆర్‌పీఎం రికార్డు ఒక గీత గీసింది. ఒక వైపుకు పట్టేది సుమారు మూడు నిమిషాలు. అందులో ఇమడని చరణం పోయేది, పల్లవికి ముందు వచ్చే సాకీ పోయేది. 1948లో కొలంబియా కంపెనీ వాళ్లు ఎక్కువసేపు తిరిగే ఎల్పీ రికార్డు తెచ్చాక గానీ పాటకు చోటు దొరకలేదు. ఆ చోటులో ఏం చేయవచ్చో బాగా ఆలోచించినవాడు జాజ్ కచేరీలు, రికార్డులు నిర్వహించే నార్మన్ గ్రాంజ్. ఎల్లా అప్పటిదాకా డెక్కా కంపెనీకి పాడేది. మంచి పాటలూ ఇచ్చారు, కాలక్షేపం పాటలూ ఇచ్చారు. గ్రాంజ్ ఆమెను అక్కడి నుంచి బయటికి తెచ్చి 1956లో వెర్వ్ అనే కంపెనీ పెట్టాడు. ఒక్కొక్క స్వరకర్తను తీసుకుని, అతని పాటలను ఒక పుస్తకంలా పాడించాలన్నది ఆయన ఆలోచన.

వరుస త్వరగా చెప్పేస్తాను. మొదట కోల్ పోర్టర్, రెండు ఎల్పీల్లో 32 పాటలు. వాద్యాల కూర్పు చేసే అరేంజర్ బడ్డీ బ్రెగ్‌మన్‌కు అప్పటికి పాతికేళ్లు. అదే ఏడాది స్వరకర్త రోజర్స్, పాటలు రాసే హార్ట్ జంట. తర్వాత జాజ్ స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్, ఇందులో ఆయన సొంత ఆర్కెస్ట్రాయే వాయించింది. తర్వాత బెర్లిన్. 1959లో గెర్ష్విన్ సోదరులవి అయిదు ఎల్పీల్లో 53 పాటలు, నెల్సన్ రిడిల్ వాద్యగోష్ఠితో. ఆ పైన ఆర్లెన్, జెరోమ్ కెర్న్, చివరికి జానీ మెర్సర్. మొత్తం వరుసలో బాణీల వల్ల కాక కేవలం మాటల వల్ల తన ఒక్కడి పేరు మీద పుస్తకం దక్కించుకున్నవాడు మెర్సర్ ఒక్కడే. వీటిలో ఒక్కొక్కదాని గురించి ఒక సాయంత్రమంతా మాట్లాడవచ్చు. ఇవాళ మాట్లాడను.

ఇక అసలు విషయం. గుండె లేదంటున్నాం కదా, ఆ గుండె ఏం చూసిందో వినండి.

ఎల్లా 1917లో వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్‌లో పుట్టింది. పదిహేనో ఏట తల్లి పోయింది. తర్వాత నల్లజాతి అనాథాశ్రమం, అటు నుంచి బాలికల శిక్షణాలయం. 1934 నవంబరులో హార్లెమ్‌లోని అపోలో థియేటర్లో ఔత్సాహికుల పోటీకి వచ్చింది నాట్యం చేద్దామని. తనకంటే ముందు వేదికెక్కిన అక్కాచెల్లెళ్లు ఆడిన తీరు చూసి, అప్పటికప్పుడు మనసు మార్చుకుని పాడింది. బహుమతి గెలిచింది.

ఇరవై ఏళ్ల తర్వాత, 1955 అక్టోబరులో, టెక్సస్‌లోని హ్యూస్టన్ నగరం. గ్రాంజ్ తన కచేరీలలో తెల్లవారూ నల్లవారూ వేర్వేరుగా కూర్చోవడానికి ఒప్పుకునేవాడు కాదు. ఆ మ్యూజిక్ హాల్లో మరుగుదొడ్ల మీద తెల్లవారికి, నల్లవారికి అని వేరువేరుగా ఉన్న బోర్డులు తీయించాడు. రెండు ఆటలు. మొదటి ఆట జరుగుతుండగా మామూలు దుస్తుల్లో ఉన్న పోలీసులు ఎల్లా గదిలోకి చొరబడ్డారు. ఒక మూల వాద్యకారులు పాచికలు ఆడుతున్నారు. ఎల్లా చేతిలో ఉన్నవి ‘పై’ అనే తినుబండారం ముక్క ఒకటి, ఒక కాఫీ కప్పు. పోలీసు ఒకడు స్నానాల గది వైపు వెళ్లబోతే, మాదకద్రవ్యాలు పెట్టి ఇరికిస్తాడేమోనని గ్రాంజ్ కళ్లార్పకుండా కనిపెట్టుకుని నిలబడ్డాడు. ఆ పోలీసు తుపాకీ తీసి గ్రాంజ్‌కే గురిపెట్టాడు. ఎల్లాను, వాద్యకారులైన డిజ్జీ గిలెస్పీని, హ్యూస్టన్ కుర్రవాడే అయిన ఇల్లినాయ్ జాకెట్‌ను స్టేషన్‌కు తీసుకుపోయారు. తలా పది డాలర్లు కట్టించుకుని వదిలారు. వాళ్లు తిరిగి వచ్చి రెండో ఆట ఆడారు. హాల్లో కూర్చున్నవాళ్లకు ఏం జరిగిందో తెలియలేదు. స్టేషన్‌కు తీసుకుపోయిన ఆ పోలీసులే తనను ఆటోగ్రాఫ్ అడిగారని తర్వాత ఎల్లా చెప్పింది.

మిత్రులారా, ఆ రెండో ఆట గురించి కొంచెం ఆలోచించండి. మీరెవరైనా పాడగలరా? నేనైతే నోరు కూడా తెరవలేను.

ఇది జరిగిన నాలుగు నెలలకు, 1956 ఫిబ్రవరిలో, హాలీవుడ్‌లోని కాపిటల్ స్టూడియోలో కోల్ పోర్టర్ పాటల రికార్డింగు మొదలైంది. ఆమె ఆ రాత్రిని తలుచుకుంటూ పాడిందని నేను అనబోవడం లేదు. నా వాదన సరిగ్గా దానికి ఎదురు. ఆమె తన బాధను తెచ్చి పోర్టర్ పాట మీద రుద్దలేదు. ఆ పాటలో ఉన్న బాధ ఎంతో, అంతే పాడింది. గుండె లేదని మనం అంటున్నది ఆ నిగ్రహాన్ని. దాన్ని లోపంగా లెక్కగడుతున్నాం.

‘ఎవ్రీ టైమ్ వీ సే గుడ్‌బై’ అనే పాట ఉంది. 1944 నాటిది. వీడ్కోలు చెప్పిన ప్రతిసారీ కాస్త చచ్చిపోతున్నానంటుంది ఆ పాట. మొదటి పాదం దాదాపు ఒకే స్వరం మీద నడుస్తుంది. అదే స్వరాన్ని మళ్లీ మళ్లీ పలకాలి. గొంతు చూపించుకోవడానికి అందులో ఏమీ లేదు. కింద వాద్యాలలో స్వరాల కలయికలు మారుతుంటే పైన గొంతు కదలదు. ఇలాంటి పాదం దొరికితే సాధారణంగా గాయకులు కంగారుపడి ఏదో ఒకటి చేరుస్తారు. ఎల్లా ఏమీ చేర్చదు. ఆ స్వరం మీద మాటను మాత్రం కదిలిస్తుంది. ఒక అక్షరాన్ని కాస్త నిలిపి, పక్క అక్షరాన్ని తేలికగా వదిలిపెడుతుంది. తర్వాత ఆ పాటకే తలమానికమైన చోటు వస్తుంది. మేజర్ నుంచి మైనర్‌కు ఈ మార్పు ఎంత వింతగా ఉందో అని మాట అంటున్న ఆ క్షణంలోనే, సంగీతం కూడా నిజంగా మేజర్ నుంచి మైనర్‌కు, అంటే వెలుగుగా వినిపించే స్వరాల అమరిక నుంచి దిగులుగా వినిపించేదానికి, జారుతుంది. కర్ణాటక సంగీతం విన్నవాళ్ల కోసం చెబుతున్నాను, అంతర గాంధారం నుంచి సాధారణ గాంధారానికి దిగినంత తేడా. ఒక్క మెట్టు. ఎల్లా ఆ మాటను మిగతా మాటలంత మామూలుగా పలుకుతుంది. గొంతు వణికించదు, ఊపిరి బరువుగా వదలదు. చెప్పవలసింది పోర్టర్ ఆ గాంధారంలో చెప్పేశాడని ఆమెకు తెలుసు. దాని మీద ఆమె కూడా ఏడిస్తే ఆ మార్పు మనకు వినబడదు, ఏడుపే వినబడుతుంది.

ఇది చేతకానితనం కాదు. ఆమె చేతిలో లేని విద్య ఏముంది? అర్థం లేని అక్షరాలతో స్వరాలల్లే స్కాట్ పాటలో ఆమెను మించినవారు లేరు. 1960లో బెర్లిన్ నగరంలో ‘మాక్ ద నైఫ్’ పాడుతూ మధ్యలో సాహిత్యం మరిచిపోయి, అప్పటికప్పుడు తనే మాటలు కట్టి పాట పూర్తిచేసింది. ఆ రికార్డుకు గ్రామీ వచ్చింది. ఎల్లింగ్టన్ పుస్తకంలో స్కాట్ కావలసినంత ఉంది, అక్కడ ఆ బాణీలు దాన్ని అడుగుతాయి. పోర్టర్, హార్ట్, ఐరా గెర్ష్విన్‌ల దగ్గరికి వచ్చేసరికి ఆ విద్యను చాలావరకు పక్కన పెట్టింది. అన్నీ ఉన్నవాళ్లు కొన్ని పక్కన పెట్టడాన్ని మనం కళలో ఎందుకు గుర్తించం? సుశీల గారి పాటలో ప్రతి అక్షరం విడివిడిగా, శుభ్రంగా వినబడుతుంటే మనం గుండె లేదంటామా?

బిల్లీ హాలిడేను తగ్గించాలని ఈ మాటలు చెప్పడం లేదు. ఆమె ఏ పాట పాడినా అది ఆమె జీవితం అయిపోతుంది, అది మహాశక్తి. కానీ ఆమె పాడాక ఆ పాట ఎవరు రాశారో మనం అడగం. ఎల్లా పాడితే అడుగుతాం. ఎల్లా పాడేదాకా తమ పాటలు ఇంత బాగుంటాయని తనకే తెలియదని ఐరా గెర్ష్విన్ అన్నట్టు ప్రసిద్ధి. మాటకు మాట, ప్రాసకు ప్రాస కూర్చి, తమ్ముడు పోయాక ఆ కాగితాలను దగ్గర పెట్టుకుని బతికిన మనిషి మాట అది. ఇంతకంటే పెద్ద సాక్ష్యం నాకు అక్కరలేదు.

సాకీ గురించి చెప్పకుండా కిందికి దిగలేను. ఆ నాటకాల పాటల్లో చాలావాటికి పల్లవి కంటే ముందు ఒక సాకీ ఉంటుంది. తాళం బిగించకుండా, మాట్లాడుతున్నట్టు సాగుతుంది. పాత్ర ఎవరు, ఎక్కడ ఉంది, ఎందుకు పాడుతోంది అన్నది అందులోనే తెలుస్తుంది. ‘ద మాన్ ఐ లవ్’ 1924 నాటి పాట. నాటకం నుంచి తీసేసినా బతికింది. చాలామంది సాకీ వదిలేసి నేరుగా పల్లవి ఎత్తుకుంటారు. ఎల్లా 1959లో సాకీతో మొదలుపెట్టింది. వెన్నెట్లో ఒంటరి అమ్మాయి కంటున్న కల అని మనకు అక్కడ తెలిసింది కనుకే, పల్లవిలో ‘వస్తాడు’ అన్న మాటకు బరువు వస్తుంది.

ఒక రేడియో కేంద్రంలో పాశ్చాత్య సంగీతం మీద ఒక కార్యక్రమం చేయమని నన్ను పిలిచారు. ఈ పాటే ఇచ్చాను. ప్రసారమయ్యాక వింటే సాకీ లేదు. అడిగితే, ‘అసలు పాట ఇక్కడి నుంచే కదండీ మొదలయ్యేది, ముందున్నది నెమ్మదిగా ఉంది, జనం స్టేషన్ మార్చేస్తారు’ అన్నారు. నాకు నోట మాట రాలేదు. రాసినవాడు రాశాడు, పాడినామె పాడింది, 78 ఆర్‌పీఎం కాలంలో చోటు లేక పోయినదాన్ని ఎల్పీ తిరిగి నిలబెట్టింది. చోటుకు ఏ కొరతా లేని కాలంలో దాన్ని మళ్లీ కత్తిరించారు! ఎవరిని అడగాలి? నెమ్మదిగా ఉందట. నెమ్మదిగా ఉండడమే దాని పని కదా.

ఈ సభలో పాట నేర్పేవాళ్లు ఉన్నారు, పోటీలకు న్యాయనిర్ణేతలుగా వెళ్లేవాళ్లు ఉన్నారు. మీకు ఒక విన్నపం. వేదిక మీద పిల్ల కళ్లు మూసుకుని, చేయి గుండెకు అదుముకుని, గొంతు పగిలేలా పాడితే భావం పలికిందని మార్కులు వేస్తున్నాం. మాట తప్పు పలికినా, ఒక చరణం ఎగరగొట్టినా పట్టించుకోవడం లేదు. ఆ పిల్లలకు ముందు కవి రాసిన మాటలు మొత్తం కంఠస్థం చేయించండి. స్వరకర్త వేసిన స్వరం వేసినట్టు నేర్పించండి. అలంకారాలు ఆ తర్వాత. ఎల్లా ఎనిమిది పుస్తకాలలో రెండువందలకు పైగా పాటలు పాడింది. ప్రతి పాటలోనూ మొదట వినబడేది ఆ పాట రాసినవాడి మాట, కట్టినవాడి బాణీ.

సమయం అయిందని చీటీ వచ్చింది. కెర్న్ గురించి, రిడిల్ గురించి ఒక్క ముక్క చెప్పలేకపోయాను, అవి మరోసారి. ఇప్పుడు రెండు రికార్డులు వేస్తారు. మొదటిది రోజర్స్, హార్ట్ పుస్తకంలోని ‘బివిచ్డ్’. 1940 నాటి నాటకంలో, తనకంటే చిన్నవాడి మీద మనసు పడిన ఒక స్త్రీ పాట. ఎల్లా సాకీతో మొదలుపెట్టి, చరణాల మీద చరణాలు పాడుతుంది, ఏడు నిమిషాలు పడుతుంది. హార్ట్ రాసిన చమత్కారాల కింద ఆ స్త్రీ సిగ్గు, మోహం, చివరికి విసుగు ఎలా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయో గమనించండి. రెండోది ఇందాక చెప్పిన పోర్టర్ పాట. రికార్డు వేసే మిత్రుడికి ఒక మాట, మొదటిదాన్ని సాకీ నుంచే వేయండి బాబూ.